రెండున్నర సెంటీమీటర్ల దారి

సంగీతం గురించి మనవాళ్ళు చాలానే రాశారు. రాగాల గురించి, సాహిత్యం గురించి, పాడినవారి గురించి, ఆఖరికి పాడినవారి కోపతాపాల గురించి కూడా. ఆ సంగీతం మన చెవి దాకా ఏ దారిన వస్తుందన్న సంగతి మాత్రం కబుర్లలో దొర్లడమే గాని, కాగితం మీదకి వచ్చింది తక్కువ. నా మటుకు నేను కచేరీ హాల్లో కూర్చుని విన్నది మొత్తం లెక్కేస్తే మహా అయితే రెండు మూడు వందల గంటలుంటుందేమో. మిగిలినదంతా రేడియోలోనో, క్యాసెట్లోనో, ఫోన్లోనో విన్నదే. గత ఇరవయ్యేళ్ళలో విన్నదాంట్లో అయితే ముప్పాతిక వంతు చెవిలో దోపుకునే ఇయర్‌ఫోన్లలోంచి విన్నదే. అంటే వోలేటి వెంకటేశ్వర్లుగారి గొంతుకీ నా కర్ణభేరికీ మధ్యన చిట్టచివరి మజిలీ ఒక చిక్కుడుగింజంత యంత్రం అన్నమాట. ఆ గింజని ఎంచుకోవడం గురించీ, ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవడం గురించీ ఈ నాలుగు మాటలు.

ఏది కొనాలో చెప్పే వ్యాసం కాదిది. నేనిక్కడ పేర్లు రాసి, మీరు చదివేలోపు వాటిలో సగం మార్కెట్లోంచి వెళ్ళిపోతాయి. చెవి మాత్రం మారదు. మారినా, మంచికి మారదు. కాబట్టి చెవితోనే మొదలుపెడతాను.

మన చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒక పక్క తెరిచి, ఒక పక్క మూసి ఉన్న ఏ గొట్టానికైనా తనదంటూ ఒక స్వరం ఉంటుంది. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే పలుకుతుందే, అలాంటిది. మన చెవి గొట్టం 3000 హెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూగా పలుకుతుంది. ఆ ప్రాంతంలోని ధ్వనిని పది పదిహేను డెసిబెల్స్ దాకా పెంచి కర్ణభేరికి అందిస్తుంది. పసిపిల్లల ఏడుపులోని పదునంతా దాదాపు అక్కడే ఉంటుంది. మాటలో హల్లుల స్పష్టత చాలావరకు అక్కడా, దాని పైనా ఉంటుంది. పుట్టినప్పటినుంచీ ఆ గొట్టంలోంచే వింటున్నాం కాబట్టి మనకి అదే సహజం.

చెవిలోపలికి ఏదైనా దోపగానే ఆ గొట్టం మూసుకుపోతుంది, దాని స్వరం మారిపోతుంది. మనం పోగొట్టిన ఆ పెంపుని ఇయర్‌ఫోనే మళ్ళీ తెచ్చివ్వాలి. ఎంత తేవాలి, ఎక్కడ తేవాలి అన్నదే ఇయర్‌ఫోన్ తయారీలో అసలు విద్య. ఎక్కువైతే గొంతులు అరుస్తాయి, వయొలిన్ కీచుమంటుంది. తక్కువైతే పాడేవాడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటుంది. కొన్న ఇయర్‌ఫోన్ 'బావుంది' అనో 'ఏదో తేడాగా ఉంది' అనో అనిపించడంలో సగానికి సగం ఈ లెక్క సరిపోవడమూ, సరిపోకపోవడమే.

దీన్ని మొదట్లోనే పట్టుకున్నవాళ్ళలో ముఖ్యుడు మీడ్ కిలియన్ అనే అమెరికన్. హియరింగ్ ఎయిడ్లకి కావలసిన బుల్లి మైకులూ, బుల్లి స్పీకర్లూ తయారుచేసే నోల్స్ సంస్థలో చాలా ఏళ్ళు పనిచేసి, 1983లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎటిమోటిక్ రిసెర్చ్ అని సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఎటిమోటిక్ అన్నది ఆయన కల్పించుకున్న మాట, చెవికి నమ్మకమైనది అని అర్థం. ఆ కంపెనీ 1991లో ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ తెచ్చింది. సోనీ వాక్‌మన్ వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. లోకమంతా చెవి మీద స్పాంజి బిళ్ళలు పెట్టుకు తిరుగుతుంటే, ఈయన హియరింగ్ ఎయిడ్లో ఉండే పరికరాన్నే మెరుగుపరిచి, మూడంచెల రబ్బరు గొడుగు తొడిగి, చెవిలోకి లోతుగా దింపమన్నాడు. నాలుగేళ్ళ తర్వాత, 1995లో, జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీరు వాన్ హాలెన్ బృందంలో డ్రమ్స్ వాయించే ఆయన కోసం స్టేజీ మీద వాడుకునే ఇయర్‌ఫోన్లు చేశాడు. ఇవాళ టీవీ పాటల పోటీల్లో పిల్లల చెవుల్లో కనపడేవి ఆ వంశానివే.

హియరింగ్ ఎయిడ్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నా మొదటి ఇయర్‌ఫోన్ అందరికీ వచ్చినట్టే ఫోన్ పెట్టెలో వచ్చింది. చెవి గుమ్మంలో వేలాడే గట్టి ప్లాస్టిక్ బిళ్ళలు. ఇంట్లో బాగానే ఉండేవి. ఇబ్బంది అంతా రైల్లో. లింగంపల్లిలో ఎమ్ఎమ్‌టీఎస్ ఎక్కి బేగంపేటలో దిగేవాణ్ణి. తలుపులు తెరిచే ఉంటాయి, పట్టాల మోత, ఫ్యాన్ల రొద, పక్కవాడి ఫోన్ సంభాషణ. ఒకసారి ఫోన్లో మీటరు పెట్టి చూస్తే ముల్లు 85 డెసిబెల్స్ దగ్గర ఊగుతోంది. దాని మీద పాట తేలాలంటే మరో ఐదో పదో పెంచాలి. అంటే 90, 95.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. అమెరికాలో వృత్తిపరమైన ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ చెప్పే హద్దు ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంట, 97కి అరగంట. డెసిబెల్ లెక్క మన మామూలు లెక్కలా ఉండదు, 3 పెరిగితే శక్తి రెట్టింపు అయినట్టు. పాట కోసం రైలుతో పోటీపడే ప్రతివాడూ రోజూ రెండుపూటలా ఈ పద్దులో ఖర్చు రాస్తుంటాడు. జమ వైపు మాత్రం ఏమీ ఉండదు. లోపలి చెవిలో ఒక్కో పక్క సుమారు 15,000 రోమకణాలతో పుడతాం. మనుషుల్లో అవి పోతే తిరిగి మొలవవు. పై స్థాయి ధ్వనుల్ని పట్టుకునేవి నత్తగుల్లలాంటి ఆ నిర్మాణానికి గుమ్మం దగ్గరే ఉంటాయి. ఇంట్లో గడప ముందు అరిగినట్టు, చెవిలోనూ అవే ముందు అరుగుతాయి.

అందుకని నేను మొదటిసారి డబ్బు పెట్టి కొన్న ఇయర్‌ఫోన్, నాద మాధుర్యం కోసం కొన్నది కాదు. రైలు వినపడకుండా ఉండడం కోసం కొన్నది. సెన్‌హైజర్ వారి చిన్న మోడలు, మెత్తటి సిలికాన్ టిప్స్‌తో చెవిలో బిగిసి కూర్చునేది. దాంతో వచ్చిన మార్పుని ఇవాళ్టికీ మించినది లేదు. తర్వాత పదింతల ఖరీదు పెట్టిన వాటితో వచ్చిన తేడా అంతా కలిపినా, గాలి పోయే చెవికీ గాలి పోని చెవికీ మధ్య ఉన్న తేడాలో సగం ఉండదు. చెవి బిగువుగా మూసుకుంటేనే కింది స్వరాలు నిలుస్తాయి. సూదంత సందు ఉన్నా అవి జారిపోతాయి. ఫోన్ స్పీకర్లో, వదులు ఇయర్‌ఫోన్లో మృదంగం అంటే కుడి చేతి వైపే. టక టకమని వినిపిస్తుంది. ఎడమ వైపు తొప్పి ఉందని, దాని మీద అరచేతిని నొక్కి జార్చితే ఒక మూలుగు సాగుతుందని, పాటని కింద నుంచి మోసేది అదేనని, ఆ రోజు రైల్లో చందానగర్ దాటుతుండగా నాకు కొత్తగా తెలిసినట్టయింది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఇంకో పాట పాడుతుంటుందని ఎవరెవరో అంటుంటే వినడమే. 'గీతాంజలి' పాటలు 1989 నుంచీ వింటున్నా, ఆ రెండో పాట నాకు వినపడింది పదిహేనేళ్ళ తర్వాత.

అందుకే ఎవరైనా 'మంచి ఇయర్‌ఫోన్ చెప్పండి' అని అడిగితే, 'ఉన్నదానికి టిప్స్ మార్చి చూశారా?' అని అడుగుతాను. పెట్టెలో మూడు సైజులు ఇస్తారు, దాదాపు అందరూ దానికి తగిలించి ఉన్న మధ్య సైజుతోనే కాలక్షేపం చేస్తారు. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలన్న నియమం లేదు. నా కుడి చెవికి మధ్యది, ఎడమ చెవికి పెద్దది. పెట్టుకునేటప్పుడు రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి డొప్పని కొద్దిగా పైకీ వెనక్కీ లాగితే గొట్టం తిన్నగా అవుతుంది, అప్పుడు దోపాలి. సరిగా కూర్చుంటే గదిలో ఫ్యాను ఆగిపోయినట్టుంటుంది. మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినపడుతుంది. సిలికాన్‌తో కుదరకపోతే నలిపి దోపితే లోపల ఉబ్బే ఫోమ్ టిప్స్ దొరుకుతాయి, వందల్లో ఖర్చు. వేలు పెట్టి కొత్తది కొనే ముందు చెయ్యవలసిన పని ఇది. నా అనుభవంలో పదిమందిలో నలుగురైదుగురికి ఇక్కడితోనే రోగం కుదిరింది.

కుదిరినా ఆగని జబ్బు ఒకటుంది. దాన్నే అప్‌గ్రేడ్ అంటారు.

తర్వాతది ష్యూర్ ఎస్ఈ215. తీగ చెవి మీదనుంచి వెనక్కి వెళుతుంది. బట్టలకి తీగ రాసుకున్నప్పుడు చెవిలో వచ్చే గరగర దాంతో తగ్గింది. ఇంకో గొప్ప సంగతి, తీగ ఊడుతుంది. ఇయర్‌ఫోన్లలో ముందు చచ్చేది తీగే, అదీ జాక్ దగ్గరో, రెండు పాయలుగా చీలే చోటో. ఊడే తీగ ఉంటే కోఠీ గుజరాతీ గల్లీకో, ఆన్‌లైన్లోకో వెళ్ళి ఐదారు వందలతో బతికించుకోవచ్చు. నాది ఎనిమిదేళ్ళు నడిచింది, మూడు తీగలు మార్చాను. ఇప్పుడు తీగ లేనివి వచ్చాయి గాని, వాటిలో చావు బ్యాటరీది. శనగగింజంత బ్యాటరీ రెండు మూడేళ్ళకి అలిసిపోతే మార్చడం గగనం. తీగలేనివాటిలో మోతని మోతతోనే కొట్టేసే విద్య ఉంటుంది నిజమే. అది రైలు రొద, విమానం హోరు లాంటి కింది స్థాయి మోతల్ని బాగా మింగేస్తుంది. పక్కన పసిపిల్లాడు ఏడిస్తే దానికి చేతకాదు. అక్కడ పనికొచ్చేది మళ్ళీ పాత రబ్బరు బిరడానే.

ఆ తర్వాత కొన్నది, ఒక్కో చెవిలో నాలుగేసి బుల్లి స్పీకర్లు ఉన్నది. వాటిని బ్యాలెన్స్‌డ్ ఆర్మెచర్లంటారు. మామూలు స్పీకర్లో తీగచుట్టకి అంటించిన పొర ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఇందులో రెండు అయస్కాంతాల మధ్య ఓ సన్నటి లోహపు నాలుక తూగుతుంటుంది, దానికో పుల్ల, ఆ పుల్లకో పొర. బియ్యపుగింజకి అన్నలాంటి పెట్టెలో అంతా పట్టేస్తుంది. కరెంటు బహు తక్కువ తాగుతుంది. హియరింగ్ ఎయిడ్ల కోసం పుట్టిన యంత్రం మరి.

దాంతో విన్న మొదటి వారం ఒక విధమైన పండగ. గాయకుడు ఊపిరి తీసుకోవడం, వయొలిన్ కమాను దిశ మార్చడం, వెనక ఎవరో దగ్గడం. రెండో వారంనుంచి కష్టాలు మొదలయ్యాయి. నా దగ్గరున్న పాత కచేరీల్లో చాలావరకు చేతులు మారి మారి వచ్చినవి. రేడియోలోంచి క్యాసెట్‌కి, క్యాసెట్లోంచి ఇంకో క్యాసెట్‌కి, అక్కడినుంచి ఎంపీ3కి. ఎంపీ3ని మరీ కుదించినప్పుడు ముందు దెబ్బతినేది తంబురా. దాని నాదంలో పొరలు పొరలుగా లేచే పై స్వరాల్ని ఆ లెక్క పట్టుకోలేక, నీళ్ళలో ముంచి తీసినట్టు చేస్తుంది. పాత ఇయర్‌ఫోన్లో అది తెలిసేది కాదు. ఇందులో ప్రతి క్షణం తెలిసేది. ఇల్లు సున్నం వేయించాక గోడ వంకర బయటపడ్డట్టు. ఘంటసాల పాటలదింకో కథ. ఆయన పాటల్లో చాలావరకు మోనో రికార్డింగులు, రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడుతుంది. ఈ ఖరీదైనవాళ్ళు గొప్పగా చెప్పుకునే వేదిక విశాలం, వాద్యాల మధ్య ఎడం, వాటికి ఘంటసాల దగ్గర పనే లేదు. ఆ గొంతుకి కావలసింది మధ్య స్థాయి స్వరాలు నిజాయితీగా పలకడం. అంతే.

ఆ నాలుగు స్పీకర్లదాన్ని ఆఫీసులో రాక్ సంగీతం వినే కుర్రాడికి సగం ధరకి ఇచ్చేశాను. వాడు ఇప్పటికీ కృతజ్ఞతగా చూస్తాడు.

ఈలోగా లోకం మారింది. హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం చాలామంది శ్రోతల్ని కూర్చోబెట్టి, పేరూ ఖరీదూ తెలియనివ్వకుండా వినిపించి, ఏ రకం ధ్వని ఎక్కువమందికి నచ్చుతుందో గీత గీసి అచ్చువేసింది. ఆ గీత అందరికీ అందుబాటులోకి రావడంతో చైనా కంపెనీలు అందుకున్నాయి. 2022 వచ్చేసరికి మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ జీరో లాంటివి 20 డాలర్లకే ఆ గీతకి దగ్గరగా పలికే ఇయర్‌ఫోన్లుగా దొరికాయి. రెండు సినిమా టికెట్లూ, పాప్‌కార్నూ కలిపితే అయ్యే ఖర్చు. నేను తెప్పించి, కళ్ళు మూసుకుని, మా అమ్మాయి చేత మార్చి మార్చి పెట్టించుకుని విన్నాను. ఖరీదైనది ఏదో చెప్పగలిగాను గాని, ఖరీదులో ఉన్నంత తేడా చెవిలో లేదు. ఈ రంగంలో మొదటి రెండు వేలు కొనిచ్చేదాన్ని తర్వాతి ఇరవై వేలు కొనివ్వలేవు.

అప్‌గ్రేడ్ కథ అక్కడితో ముగియవలసింది. మా నాన్నగారి వల్ల ముగియలేదు.

నాన్నగారికి 82. బెజవాడ సత్యనారాయణపురంలో పుట్టి పెరిగారు. రేడియోలో వచ్చే సంగీత శిక్షణ విని పాడడం నేర్చుకున్న తరం. పొద్దున్నే భక్తిరంజని లేకుండా ఆ ఇంట్లో కాఫీ కాగేది కాదు. వోలేటి, శ్రీరంగం గోపాలరత్నం, బాలమురళి ఆయనకి చుట్టాల కిందే లెక్క. 'మనవాడు' అని తప్ప బాలమురళిని పేరు పెట్టి అనగా నేను వినలేదు. మా దగ్గరికి హైదరాబాదు వచ్చాక చెవి మందగించింది, హియరింగ్ ఎయిడ్లు పెట్టించాం. మాట బాగానే వినిపించసాగింది. సంగీతం మాత్రం మానేశారు. రేడియో పెడితే పక్కగదిలోకి వెళ్ళిపోయేవారు. ఎందుకని అడిగితే, "అందరూ రేకుడబ్బాలో కూచుని పాడుతున్నారురా" అన్నారు. ఇంకో రోజు భోజనాల దగ్గర, "ఈమధ్య తంబురా వెయ్యడం మానేశారా ఏమిటి వీళ్ళు?" అని అడిగారు.

ఆ రెండో ప్రశ్న నన్ను వదల్లేదు. చెవి పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు ఆడియాలజిస్టుని అడిగాను. చిన్నపిల్ల, ఓపికగా చెప్పింది. హియరింగ్ ఎయిడ్ని ప్రధానంగా మాట కోసం తీరుస్తారు. మాట ఆగి ఆగి వస్తుంది, హెచ్చుతగ్గులుంటాయి. అలా కాకుండా ఎడతెగకుండా ఒకే తీరుగా మోగేదాన్ని ఆ యంత్రం ఫ్యాను మోతలాంటిదనుకుని అణిచేస్తుంది. సాగదీసిన వేణువు స్వరాన్ని తన ఈలే తనకి తిరిగొస్తోందనుకుని కొట్టేయడానికి చూస్తుంది. ఎడతెగకుండా, ఒకే తీరుగా మోగడం. తంబురాకి ఇంతకంటే మంచి నిర్వచనం ఏ లక్షణగ్రంథంలో ఉంటుంది? మనకి సంగీతమంతా దేని మీద నిలబడిందో, అదే ఆ యంత్రానికి రొద.

నాన్నగారి చెవి గీత కూడా చూపించింది. 500 హెర్ట్జ్ దాకా పెద్ద నష్టం లేదు. 4000 దగ్గరికి వచ్చేసరికి గీత బావిలోకి దిగినట్టు దిగిపోయింది. మాటలోని శబ్దాలన్నీ ఆ కాగితం మీద ఒక అరటిపండు ఆకారంలో సర్దుకుంటాయట. అచ్చులు ఎడమ పక్కన, స, ష, ఫ లాంటివి కుడి చివర. నాన్నగారికి అచ్చులు మిగిలాయి, హల్లులు వెళ్ళిపోతున్నాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుందని మురిసిపోతాం గాని, ఆ అచ్చు ఒక్కటే వినపడితే మాట ఏదో ఎలా తెలియాలి?

"మీకూ చూస్తాను, కూర్చోండి సార్" అంది ఆ అమ్మాయి. నాకు 54. కుడి చెవి వయసుకి తగ్గట్టుంది. ఎడమది 6000 దగ్గర్నుంచి 35 డెసిబెల్స్ కిందకి దిగింది. "ఇప్పటికేం కంగారు లేదు, ఏడాదికోసారి చూపించుకోండి" అంది. ఇంటికొచ్చి ఫోన్లో స్వరాలు మోగించి చూసుకున్నాను. 12,000 వినపడింది, 14,000 లేదు. నా సొరుగులో ఉన్న ఒక ఇయర్‌ఫోన్ పెట్టె మీద 40,000 దాకా పలుకుతానని బంగారు రంగు ముద్ర ఉంది. అది అక్కడ పాడుతూనే ఉంటుంది, పాపం. నా వైపు దుకాణం 12,000కే షట్టరు దించేశారు.

అప్పుడు తెచ్చాను ఎటిమోటిక్‌ని. ఈఆర్-4 వంశంలో 2016లో వచ్చిన ఈఆర్4ఎస్ఆర్. మూడంచెల రబ్బరు గొడుగు, ఒక్కటే ఆర్మెచర్, మెరుపులేం లేవు. చెవిలోకి దింపుకోవడం అలవాటయ్యేదాకా కొంచెం యాతనే. ఆడియాలజిస్టుని అడిగితే, హియరింగ్ ఎయిడ్ తీసేసి ఇవి పెట్టి వినడానికి అభ్యంతరం లేదంది, చెవిలో గులిమి లేకుండా చూసుకోమని, ఫోన్లో వాల్యూముకి పైహద్దు కట్టెయ్యమని చెప్పింది. పోయినదంతా తిరిగి పెంచకూడదట. ఎంత నష్టముంటే అందులో సుమారు సగం పెంచడం వాళ్ళ పాత సూత్రం. ఫోన్లో ఈక్వలైజరు 12 డెసిబెల్స్ మించి లేవదు. అది సగం కూడా కాదు. సరే, ఉన్నంతవరకే చూద్దామని 2000 నుంచి పైకి మెట్లు మెట్లుగా ఎత్తాను.

ఆదివారం పొద్దున్న. నాన్నగారు పడక్కుర్చీలో ఉన్నారు. గొడుగులు కాస్త తడిచేసి, డొప్ప వెనక్కి లాగి, ఒక్కోటీ దింపాను. "చెవులు కుట్టిస్తున్నావేమిట్రా ఈ వయసులో" అన్నారు. వోలేటివారి పాత రేడియో రికార్డింగు పెట్టాను. టేపు బుస, తర్వాత తంబురా, తర్వాత చాలాసేపటికి గొంతు. నాన్నగారి కుడిచేతి వేళ్ళు కుర్చీ చెయ్యి మీద కదలడం మొదలయ్యాయి. ఆలాపన సగంలో ఉండగా కళ్ళు తెరిచి, నాకు వినపడాలని కాబోలు, గట్టిగా, "తంబురా ఉంది" అన్నారు. మరో పది నిమిషాలకి, "టేపు నిదానంగా తిరిగిందిరా. ఆయన శ్రుతి ఇది కాదు, అరవీసం దిగింది" అన్నారు.

ఆ అరవీసం నాకు వినపడలేదు. కంప్యూటర్లో పెట్టి, అదే రికార్డింగు ఇంకో ప్రతితో పోల్చి చూస్తే నిజంగానే దిగింది. 4000 పైన దాదాపు చీకటైపోయిన చెవులతో పట్టుకున్నారు. గాంధారం ఎక్కడ నిలవాలో చెప్పేది ఆ గొట్టమూ, రోమకణాలూ మాత్రమే కాదన్నమాట. డెబ్బయ్యేళ్ళు వినీ వినీ వెనక ఎక్కడో కట్టుకున్న శ్రుతిపెట్టె ఒకటి ఉంటుంది. దానికి సరిపడా ఊపిరి అందిస్తే చాలు.

మరో సంగతి చెప్పాలి. ఈఆర్-4 చెయ్యడానికి రెండు మూడేళ్ళు ముందే కిలియన్ హియరింగ్ ఎయిడ్ల కోసం కే-ఆంప్ అనే సర్క్యూటు చేశాడు. చెవి మందగించినవాళ్ళకి సంగీతం కూడా సంగీతంలాగే అందాలన్నది దాని ఉద్దేశం. బాగా వినేవాడి విలాసమూ, వినలేనివాడి అవసరమూ ఒకే మనిషి బల్ల మీద పక్కపక్కన పుట్టాయి. నా చెవిలో ఉన్న బుల్లి పెట్టెకీ నాన్నగారి చెవిలో ఉన్న బుల్లి పెట్టెకీ పుట్టిల్లు ఒకటే. తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆడియాలజిస్టు ఆయన హియరింగ్ ఎయిడ్లో సంగీతం కోసం వేరే ప్రోగ్రాం పెట్టింది, అందులో ఆ అణచివేతలేవీ ఉండవు. ఇయర్‌ఫోన్‌తో వచ్చినంత నిండుగా రాదు గాని, గుళ్ళో పాట వినడానికి సరిపోతోందట. హియరింగ్ ఎయిడ్లు పెట్టుకున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, వాళ్ళు పాట వినడం మానేస్తే, ఈ ప్రోగ్రాం సంగతి తప్పకుండా అడగండి.

ఇంతకీ ఏది కొనాలి? నాకు తోచిన వరస ఇది. ముందు టిప్స్. తర్వాత బయటి మోత ఎంత ఆపుతుందో చూడాలి. 25 డెసిబెల్స్ ఆపేది దొరికితే, ఆ 85 డెసిబెల్స్ రైలు మీ చెవిలో 60కి దిగుతుంది. అప్పుడు పాట 70, 75లో హాయిగా వినపడుతుంది. రోజూ ఎన్నాళ్ళు విన్నా పద్దులో ఖర్చు పడదు. రోడ్డు దాటేటప్పుడూ, పట్టాల దగ్గరా మాత్రం తీసి జేబులో పెట్టుకోండి, అవి ఆపేది రైలు పాటనే కాదు, రైలు కూతని కూడా. ఆ తర్వాత తీగ ఊడుతుందా, బాగుచేసుకోవచ్చా. ఆ తర్వాతే ధ్వని. అందులోనూ మీరు ఎక్కువగా వినే పది పాటలు పెట్టుకుని వినండి, దుకాణంవాడు పెట్టే పాట కాదు. పెట్టె మీద అంకెలు చివరికి.

నేనిప్పుడు ఫోన్ వాల్యూము పదహారు గీతల్లో ఐదో గీత దగ్గర వింటున్నాను. అప్‌గ్రేడ్ అనే మాటకి ఇరవయ్యేళ్ళలో నాకు మిగిలిన అర్థం అదే. ఏటా మార్చిలో ఎడమ చెవికి పరీక్ష. గీత కిందటేడు ఎక్కడుందో ఈ ఏడూ అక్కడే ఉంది. నాన్నగారు మాత్రం వోలేటివి అయిపోయాయి, గోపాలరత్నంవి ఎక్కించమంటున్నారు. శ్రుతి సరిచేసి మరీ ఎక్కించాలట.